ఎవరి శ్రుతి వాళ్లది

చిరంజీవి అమ్మలుకు,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం వచ్చిందన్న వాక్యం చదివి సంతోషించేలోపే ఆ పక్క వాక్యం కంటపడింది. "కచేరీలు రాలేదు కాబట్టి పాఠాలు" అని రాశావు. ఆ "కాబట్టి" దగ్గర నా మనసు ఆగిపోయింది. సోమవారం నుంచి నీ ముందు ముప్ఫైమంది పిల్లలు కూర్చుంటారు. ఆ మాట గుండెల్లో పెట్టుకుని తరగతిలో అడుగుపెట్టావంటే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది తల్లీ. అందుకే ఈ ఉత్తరం.

మనవాళ్ల కథలు చెబితే "విన్నవే కదా పెద్దమ్మా" అంటావు. అందుకని దూరదేశపు మనిషి కథ చెబుతాను. ఆవిడ పేరు ఎల్విరా డి హిడాల్గో, స్పెయిన్‌లో పుట్టిన ఒపేరా గాయని. ఒపేరాలో ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్థాయిలో పాడేవాళ్లను సొప్రానో అంటారు. ఆవిడది అందులోనూ తేలికైన గొంతు. మన బిర్కాల్లాంటి వేగమైన సంగతులు అలవోకగా పలికేవి. పదహారేళ్లకే, 1908లో, నేపుల్స్‌లోని సాన్ కార్లో థియేటర్‌లో రోసీనీ రాసిన 'బార్బర్ ఆఫ్ సెవిల్'లో రోసినా పాత్ర పాడింది. 1910కల్లా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో అదే పాత్ర. ఆ తర్వాత మిలన్‌లోని లా స్కాలా. మైకు లేని పాట అది. ఎదురుగా నిండు వాద్యబృందం మోగుతుంటే, దాన్ని దాటి గొంతు చివరి వరుస దాకా వెళ్లాలి. అంత శ్రమ గొంతు జీవితాంతం ఓర్చుకోదు.

1939 నాటికి ఆవిడ ఏథెన్స్ కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలలో టీచరు. ఆ రోజుల్లోనే ఒక పదిహేనేళ్ల పిల్ల పాడి వినిపించడానికి వచ్చింది. పొడవాటి, బొద్దు మనిషి, మందపాటి కళ్లద్దాలు. ఈ పిల్ల గాయని కావాలనుకోవడమేమిటని తనకు మొదట నవ్వొచ్చినంత పనయిందని ఆవిడే తర్వాత చెప్పుకుంది. పిల్ల వెబర్ రాసిన 'ఒబెరాన్'లోని కష్టమైన పాట ఎత్తుకుంది. పెద్ద గొంతు, అదుపు లేదు, వరదలా వచ్చి పడుతోంది. ఎల్విరా కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుని విన్నాకే ఆ గొంతులో ఏముందో తెలిసింది. ఆ పిల్లే తర్వాత ఒపేరాలో గొప్ప పేరు తెచ్చుకున్న మరియా కల్లాస్.

అమ్మలూ, ఆ కళ్లు మూసుకోవడం గురించి నేను ఎన్నో రాత్రులు ఆలోచించాను. ఏళ్ల తరబడి స్టేజీ మీద మెప్పులు చూసిన మనిషి, తన గొంతుకూ ఆ గొంతుకూ పోలికే లేదని తెలిసి కూడా, తన గొంతును పక్కనపెట్టి వినగలిగింది. తనలాంటి రోసినాను ఇంకొకదాన్ని తయారుచేయాలనుకుని ఉంటే ప్రపంచానికి కల్లాస్ దక్కేది కాదు. తన దగ్గరున్న విద్యంతా ఇచ్చింది. స్వరసాధన, ఊపిరి, కంపితాలు, మెత్తగా పలకడం, అన్నీ నేర్పింది. కానీ వాటిని ఆ పెద్ద గొంతుకు తగ్గట్టు కొలిచి ఇచ్చింది. ఆ పిల్ల శ్రద్ధ కూడా అలాంటిదే. పొద్దున్నే వచ్చి కూర్చుని సాయంత్రం దాకా మిగతా విద్యార్థుల పాఠాలన్నీ వినేది. అందరికన్నా తక్కువ వచ్చిన విద్యార్థి దగ్గరా నేర్చుకునేది ఉంటుందని తర్వాత చెప్పింది. టీచరు అరువిచ్చిన పుస్తకాలు త్వరగా తిరిగివ్వాలని కంఠతా పట్టేసేది.

1941లో జర్మన్ సైన్యం ఏథెన్స్‌లోకి వచ్చింది. ఆ చలికాలం ఊరంతా ఆకలి. అలాంటి రోజుల్లోనూ సాధన సాగింది. 1942 వేసవిలో, పద్దెనిమిదేళ్లకే, కల్లాస్ ఏథెన్స్‌లో 'టోస్కా' అనే ఒపేరా పాడింది.

ఎల్విరా నేర్పిన విద్య విలువ 1949లో వెనిస్‌లో బయటపడింది. కల్లాస్ అక్కడ వాగ్నర్ 'వాల్క్యూర్'లో బ్రున్‌హిల్డ పాడుతోంది. బరువైన పాత్ర, ఉక్కు గొంతు కావాలి. అదే సమయంలో బెల్లీని 'ప్యూరిటానీ'లో పాడాల్సిన గాయని జబ్బుపడింది. అది పూర్తిగా తేలిక గొంతు పాడే పాత్ర. ఆ రెండూ ఒక్క మనిషి పాడటం ఎవరూ ఊహించరు. సెరఫిన్ అనే సంగీత దర్శకుడు కల్లాస్‌ను అడిగాడు. కొద్దిరోజుల్లో నేర్చుకుని పాడేసింది. ఏథెన్స్ గదిలో చేసిన స్వరసాధనే ఆ రాత్రి ఆమెను నిలబెట్టింది. వెనిస్ చప్పట్లు ఏథెన్స్ గదికి వినిపించవు. మన వృత్తి ఇలాంటిదే.

ఇప్పుడు నా సంగతి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. దాని సహజ శ్రుతి నాలుగు. నాది ఐదున్నర. తంబురా నా శ్రుతిలోనే పెట్టి పాఠం చెప్పేదాన్ని. తారస్థాయి పంచమం దగ్గర గొంతు చీలిపోతే "సాధన చాలదు, మళ్లీ" అనేదాన్ని. పాఠం అయ్యాక ఆ పిల్ల రెండు వేళ్లు గొంతు కింద నొక్కి పట్టుకుని మంచినీళ్లు అడిగేది. రోజూ. నేను చూస్తూనే ఉన్నాను, కానీ అదేమిటని అడగలేదు. ఏడాదికి రావడం మానేసింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనిపించింది. మంగళహారతి పాడమని నలుగురూ అడిగితే నవ్వి వెనక్కి తప్పుకుంది. నన్ను చూసి కాళ్లకు దండం పెట్టింది. ఆ దండం నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

నా విద్య చాలక అలా జరగలేదమ్మా. నేను పాఠం చెబుతున్నంతసేపూ నా గొంతే వింటూ ఉన్నాను. పాఠం చెప్పడాన్ని ఓటమి అనుకునేవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దక్కని కచేరీని తరగతిలోనే చేసుకుంటారు, ఎదుట కూర్చున్న పిల్ల వాళ్లకు సభ అయిపోతుంది.

ఇక ఎల్విరా సంగతి. ఏథెన్స్ తర్వాత అంకారాలో పాఠాలు చెప్పింది, ఆపైన మిలన్‌లో ఉంది. కల్లాస్ ఎంత పేరు తెచ్చుకున్నా ఆ గురువుతో బంధం వదులుకోలేదు. 1971, 72ల్లో తానే న్యూయార్క్‌లోని జూలియర్డ్ సంగీత విద్యాలయంలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పింది. 1977లో కల్లాస్ పోయింది, యాభైమూడేళ్లకే. గురువు 1980 దాకా బతికి ఉంది. శిష్యురాలి మరణవార్త విన్న ఆ రోజు ఆవిడకు ఎలా గడిచిందో అని నేను అనుకుంటూ ఉంటాను.

సోమవారం తరగతిలోకి వెళ్లగానే శ్రుతిపెట్టె నీ శ్రుతిలో పెట్టకు. ముప్ఫైమందికీ కలిపి చివరికి ఒక శ్రుతి పెట్టక తప్పదు, నాకు తెలుసు. కానీ ముందు ఒక్కొక్కరినీ లేపి, వచ్చిన పాటేదో పాడమను. సినిమా పాటైనా సరే. నువ్వు పాడకు, కళ్లు మూసుకుని విను. ఎవరి గొంతు ఏ శ్రుతిలో హాయిగా ఉందో నోట్‌బుక్కులో పేరు పక్కన రాసుకుని, ఆ కాగితం నాకు పంపు. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ