మరొక్కటి

జపాన్‌లో పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటుంది. గాయపడ్డ కొంగను ఓ పేదవాడు కాపాడతాడు. కొన్నాళ్లకు ఒకమ్మాయి వచ్చి అతన్ని పెళ్లాడుతుంది. తలుపేసుకుని బట్ట నేస్తుంది, లోపలికి మాత్రం చూడొద్దంటుంది. బట్టకు మంచి ధర పలుకుతుంది. మరొక్కటి నెయ్యమంటాడు. ఆఖరికి ఉండబట్టలేక తొంగి చూస్తాడు. లోపల కొంగ తన ఈకలు తనే పీక్కుని నేస్తూ ఉంటుంది. గుట్టు బయటపడ్డాక ఎగిరిపోతుంది. కినొషిత జుంజి 1949లో దీన్ని 'యూజురు' అనే నాటకం చేశాడు. మొగుడికి డబ్బాశ ఎక్కించే ఊరివాళ్లను కూడా అందులో పెట్టాడు.

ఈ కథను వేటపాలెంలో పెట్టి చూడాలని నాకెప్పట్నుంచో ఉంది. ఆ ఊరి పేరు చెబితే అందరూ 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని తలుచుకుంటారు. నాకు ముందు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చిక్కంతా తలుపు దగ్గరే వస్తోంది. నేతగాడి ఇంట్లో మగ్గానికి తలుపెక్కడిది? మనుషులు తిరిగే చోటే గుంట మగ్గం. భర్త నాడె ఆడిస్తుంటే భార్య పక్కనే కండెలు చుడుతుంది. వానాకాలం గుంటలో నీళ్లూరితే పనాగుతుంది, ఆ వారం కూలి ఉండదు. ఇదంతా వీధిలో పోయేవాళ్లకూ తెలుసు. కళ్లు, నడుము, మోకాళ్లు: ఇక్కడ ఈకలు ఊడేది పట్టపగలే.

అందుకే నా కథలో చూడొద్దన్న షరతు లేదు. మరి ఆమె ఎందుకు వెళ్లిపోతుంది? ఎన్నిసార్లు తిరగేసినా నాకు దొరికే జవాబు ఒక్కటే, రెండో బట్ట అడిగినందుకు. మొదటిది ఆమె ఇచ్చింది. రెండోది అతను అడిగాడు. కథ చెప్పినవాళ్లు నేరమంతా కంటి మీదికి నెట్టి నోటిని వదిలేశారు. పైగా ఇప్పుడు అడిగే నోరు మొగుడొక్కడిదే కాదు. నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ అడుగుతాడు, అతన్ని షాపువాడు అడుగుతాడు, షాపువాణ్ణి మనం అడుగుతాం. పండగ ముందు వాట్సాప్‌లో ఫొటో పెట్టి, ఇదే చీర, అంచు రంగు మార్చి, మరొక్కటి.

చూడటం పాపం కాదనడానికి మనవాడొకడు సాక్షి ఉన్నాడు. పోచంపల్లి చీరకు ఆసు పోయడం, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పడం, ఆడవాళ్ల పని. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం, అమ్మ భుజం నొప్పి చూస్తూ పెరిగాడు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేసి, దానికి అమ్మ పేరే, లక్ష్మి అని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం వస్తే రోజుకు ఇంకో నాలుగు చీరలకు ఆసు పడుతుంది, అదీ మరొక్కటే కదా అని దెప్పొచ్చు. కానీ అతను కదిలింది చీరల లెక్క చూసి కాదు, భుజం చూసి. నాకు ఆ వరుసే ముఖ్యం.

నా కథలో ఆమెకు ఒక కూతుర్ని పెట్టాను. తల్లి పక్కన కండెలు చుడుతూ పెరిగి, ఇంజనీరింగ్ చదివి, మగ్గం ముట్టనంటుంది. తల్లి వెళ్లిపోయాక పడుగు సగంలో ఉంది, ఆర్డరు నెత్తి మీదుంది. తండ్రి ఆ పిల్ల వైపు తిరిగి నోరు తెరుస్తాడా లేదా అన్నది ఇంకా రాయలేదు.