కడుపు కోయించుకుంటే నిగ్రహం వస్తుందా?



పోయిన ఏకాదశికి ఉపవాసం మీద వీడియో చేశాం కదా. కెమెరా ముందు కూర్చుని ఇంద్రియ నిగ్రహం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాను. అది చూసినవాళ్ళలో చాలామంది ఒకటే మాట అడిగారు: "అన్నా, ఇంత సన్నబడ్డారు, ఉపవాసాల వల్లేనా?" నేను నవ్వి ఊరుకున్నాను. మా మేనమామ ఒకాయన ఫోన్ చేసి "నిష్ఠ అంటే నీదిరా అల్లుడూ" అన్నాడు. అక్కడా ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక రకం అబద్ధమేనని తెలిసే ఊరుకున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, జనవరిలో నాకు బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. అప్పటికి నా వయసు 33, బరువు 138 కిలోలు. షుగర్ వచ్చేసింది. రాత్రుళ్ళు నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే ముక్కుకి మెషీన్ తగిలించుకుని పడుకునేవాణ్ణి. ఏకాదశి ఉపవాసాలు అప్పుడూ చేసేవాణ్ణి. ద్వాదశి పొద్దున్నే దానికి వడ్డీతో సహా తినేవాణ్ణి, అది వేరే విషయం.

పొట్ట కోయించుకుని తిండి తగ్గించినవాడికి నిగ్రహం గురించి చెప్పే అర్హత ఉందా? ఈ నాలుగు నెలలూ నన్ను తొలిచేసిన ప్రశ్న ఇదే.

ముందు ఆ ఆపరేషన్ ఏమిటో చెప్తాను, ఎందుకంటే చాలామందికి తెలిసింది సగమే. మా పిన్నికి విషయం చెప్పగానే భయపడిపోయి ఆర్తీ అగర్వాల్ పేరెత్తింది. ఆవిడ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయేనాటికి వయసు 31. దానికి కొన్ని వారాల ముందు ఆవిడ చేయించుకున్నది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. నాకు చేసింది అది కాదు. 2014లో కేంద్రమంత్రిగా ఉండగా అరుణ్ జైట్లీ, అంతకుముందు 2011లో నితిన్ గడ్కరీ చేయించుకున్నది బేరియాట్రిక్ సర్జరీ. నాదీ ఆ కోవలోదే. అందులో స్లీవ్ అనే రకం. జీర్ణాశయాన్ని నిలువునా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అంటే జాగా తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. ఇది అందం కోసం చేసేది కాదండి. బరువు జబ్బుగా మారినవాళ్ళకి డాక్టర్లు లెక్కలు చూసి చేసే వైద్యం.

మొదటి రెండు వారాలు నీళ్ళు, మజ్జిగ తేట, పప్పు మీది కట్టు, ప్రొటీన్ పొడి. అవి కూడా గుక్క గుక్కకీ మధ్య ఆగి. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత పాలలో నానేసిన ఇడ్లీ. నెల దాటాక మామూలు తిండి, అదీ చిన్న గిన్నెలో. రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్ పడాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బతికున్నంత కాలం. మూడో నెలలో జుట్టు ఊడటం మొదలైంది. తిరిగి వస్తుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే స్నానం చేసిన ప్రతిసారీ ఏడ్చేవాణ్ణి.

ఆపరేషన్ తర్వాత వచ్చిన మొదటి ఏకాదశి నాకు బాగా గుర్తు. సాయంత్రం నాలుగైంది, ఆకలి లేదు. నీరసం తప్ప కడుపులో ఏమీ లేదు. నేను ఉపవాసం ఉన్నానా, లేక మామూలుగా గురువారం గడుపుతున్నానా? పస్తు అనిపించని పస్తుకి ఏం విలువ? (మీలో ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఒక్క మాట: నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం జోలికి వెళ్ళకండి. ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం ఈ నెలల్లో నిజంగా ప్రమాదం. రోగికీ, పసివాళ్ళకీ, ముసలివాళ్ళకీ మన ధర్మశాస్త్రాలే సడలింపు ఇచ్చాయి. దానికి సిగ్గుపడక్కర్లేదు.)

"అడ్డదారిలో తగ్గావు" అని నా స్నేహితుడొకడు మొహాన్నే అన్నాడు. ఆ మాట నాకు ఒప్పుగా అనిపించలేదు. కళ్ళజోడు పెట్టుకుని విష్ణు సహస్రనామం చదివితే పుణ్యం తగ్గుతుందా? అయ్యప్ప దీక్షనే తీసుకోండి. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు, ఎదురొచ్చిన ప్రతివాడూ "స్వామీ" అని పిలవడం, ఇవన్నీ బయటి కంచెలే కదా. ఆ కంచె ఉంది కాబట్టే 41 రోజులు మందు ముట్టనివాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. కంచె వేసుకున్నాడని వాడి దీక్షను ఎవరూ ఎగతాళి చెయ్యరు. మాల తీసిన రోజు సాయంత్రం వాడు ఎటు వెళ్తాడన్నది అసలు విషయం. నా ఆపరేషన్ కూడా అలాంటి కంచే అనుకున్నాను. వీలున్నంత గట్టిగా, లోపలే కుట్టిన కంచె.

ఆ ధైర్యంతోనే మే నెలలో ఊరెళ్ళాను.

మాది నూజివీడు పక్కన పల్లె. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గానీ పళ్ళకి ఆ సంగతి తెలియదు, రుచి మారలేదు. మేలో మా ఇంట్లో ముందుగదిలో మంచం ఉండదు. వరిగడ్డి పరిచి కాయలు మాగేస్తారు. ఒక పక్క బంగినపల్లి, ఒక పక్క పెద్దరసాలు, గోడవారగా చిన్నరసాలు. తోటలో చిక్కం పట్టుకుని కోసేవాళ్ళు, నున్న మార్కెట్‌కి వెళ్ళే బళ్ళు, సొన మరకల బట్టలు. నా బాల్యమంతా ఆ వాసనే.

ఇంటికెళ్ళిన మర్నాడు ఆగిరిపల్లి వెళ్ళాను. శోభనాచలం కొండ మెట్లు ఆగకుండా ఎక్కడం నాకు కాలేజీ రోజుల తర్వాత అదే మొదటిసారి. 138 నుంచి 111కి వచ్చిన ఒళ్ళు అది. పైన వ్యాఘ్ర నరసింహస్వామి దర్శనం అయ్యాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలో చేతిలో పెట్టిన పులిహోర ప్రసాదం గబగబా నాలుగు ముద్దలు తినేశాను. నమలడం మర్చిపోయాను. రెండు నిమిషాల్లో ఛాతీలో రాయి పడ్డట్టయింది. పక్కకి పరుగెత్తి, చెట్టు మొదట్లో అంతా కక్కేశాను.

ప్రసాదాన్ని వాంతి చేసుకున్నాను. ఆ రోజంతా నాకు అదే. తైత్తిరీయంలో భృగువల్లి అన్నాన్ని నిందించవద్దు, అన్నాన్ని కాదనవద్దు అంటుంది. రోజుకి పదిసార్లు కాదంటే తప్ప బతకలేని కడుపు నాది. అయితే తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే నాకు వేరే ముక్క తట్టింది. నేను అన్నాన్ని అవమానించింది కక్కినప్పుడు కాదు, నమలకుండా మింగినప్పుడు. ముప్పై ఏళ్ళుగా అలాగే మింగుతున్నాను. ఇంతకాలం కడుపు మంచిది కాబట్టి ఏమీ అనలేదు.

ఇక్కడిదాకా చెప్పుకోవడానికి బాగానే ఉంది. చెప్పుకోవడానికి బాగోనిది ఇప్పుడు చెప్తాను.

చిన్నరసాన్ని కోసుకు తినరు. రెండు చేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, సొన చుక్క పిండేసి, అలాగే పీలుస్తారు. పీల్చడమంటే తాగడమే. ఒక ఇడ్లీ దిగడానికి ఇరవై నిమిషాలు పట్టే నా కడుపులోకి రసం అడ్డు లేకుండా జారిపోయింది. మొదటి రోజు ఒకటి. రెండో రోజు మూడు. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక ముందుగదిలో గడ్డి మీద కూర్చుని ఆరు పీల్చాను. నా కంచెకి ఇంత పెద్ద కంత ఉందని నాకు ఎవరూ చెప్పలేదని అననుగాక అనను. డైటీషియన్ మొదటి రోజే చెప్పింది: గట్టి తిండినే ఈ గొట్టం ఆపగలదు, మెత్తగా జారే తీపిని ఆపలేదు, చాలామందికి బరువు తిరిగి వచ్చేది ఆ దారినే. వంద గ్రాముల మామిడి గుజ్జులో 14 గ్రాముల దాకా చక్కెరే, ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. ఇవన్నీ నాకు తెలుసు. షుగర్ మాత్రలు మానేసి నెల కూడా కాలేదని తెలుసు. ఆకలి అసలు లేదని కూడా తెలుసు. ఆకలి లేకుండానే తిన్నాను.

ఆరోది అయ్యేసరికి గుండె దడ, ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరగడం. పల్చటి తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే ఇలా అవుతుంది, డంపింగ్ అంటారు. టెంకలూ తొక్కలూ ఒళ్ళో పెట్టుకుని గోడకి జారబడి కూర్చున్నాను.

గీత రెండో అధ్యాయం, 59వ శ్లోకం. వీడియోల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తిండి మానేసినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీది రుచి మాత్రం అలాగే ఉండిపోతుంది, పరమాత్మను చూశాకే అదీ పోతుంది అని భావం. ఆ రుచికి అక్కడ వాడిన పదం ఏమిటో తెలుసా? రసం. చదివి పెద్దగా ఆలోచించకుండా దాటిపోయే పదం. ఆ రాత్రి మాత్రం అది నా గడ్డం మీద నుంచి కారుతోంది.

డాక్టరు తీసింది ఆకలిని. రసాన్ని తీసే కత్తి ఆయన దగ్గర లేదు. ఆయన తప్పు కాదది, ఆయన తీస్తానని ఎప్పుడూ అనలేదు. ఆకలీ రుచీ ఒకటేనని అన్నేళ్ళూ అనుకున్నది నేను. రెండూ కలిసే వస్తాయి కాబట్టి మనకి తేడా కనపడదు. ఒకదాన్ని కోసి పక్కన పెట్టాక రెండోది ఒంటరిగా ఎదురుగా కూర్చుంటే, అప్పుడు దాని మొహం కనపడుతుంది. ఆపరేషన్ నాకు చేసిన మేలు ఏదైనా ఉంటే అందులో సగం ఇదేనేమో. మిగతా సగం ఆ కొండ మెట్లు.

చప్పుడుకి నాయనమ్మ లేచొచ్చింది. ఆవిడకి 81. నాకు "గ్యాస్ ట్రబుల్ ఆపరేషన్" అయిందని చెప్పారు ఆవిడకి. లైటు వేసి నన్నూ, టెంకల్నీ చూసింది. ఏమీ అనకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి మొహం తుడిచింది. అప్పుడు మొత్తం చెప్పేశాను. పొట్ట కోయించుకున్నది, వీడియోలో చెప్పనిది, ఈ మూడు రోజులది.

ఇక్కడ మా నాయనమ్మ గురించి మీకొకటి చెప్పాలి. తాతయ్య పోయాక ఆవిడ కాశీ, గయ వెళ్ళొచ్చింది. అక్కడ ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలేసి రావడం ఆచారం కదా. కాకరకాయ, రేగుపండు వదిలేసి వచ్చిన తెలివైనవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆవిడ చిన్నరసం వదిలేసింది. మామిడితోటల మధ్య కాపురం ఉంటూ, ప్రతి మేలో వందల కాయలు తన చేత్తో మాగేసి, ఏరి, మా అందరికీ పంచిపెడుతూ, ఇరవై మూడేళ్ళుగా ఒక్కటి నోట్లో పెట్టలేదు. మా ఇంట్లో నిగ్రహం అంటే ఆవిడే. ఆ రాత్రి ఆవిడ ముందు తల ఎత్తలేకపోయాను.

"నువ్వెలా ఉండగలిగావు నాయనమ్మా? నీకు తినాలనిపించలేదా?"

ఆవిడ గడ్డిలో చెయ్యి పెట్టి కాయల్ని తడిమి చూస్తోంది. "ఎందుకనిపించదురా? మొదటి రెండేళ్ళూ ఎవరూ చూడకుండా ముచ్చిక దగ్గర వాసన చూసేదాన్ని. ఒకసారి మీకు పిండి పెడుతుంటే చేతికంటింది, నాకేశాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. మీ తాత ఫోటోకి చెప్పుకున్నా."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అనిపిస్తుంది. పోయినేడంత కాదు."

"మరి నువ్వు వదిలేసినట్టా, వదలనట్టా?"

"నాకేం తెలుసు నాన్నా. తినలేదు, అంతే." కొంచెంసేపు ఊరుకుంది. "నీ కడుపు కోశారు, నా నోరు నేను కట్టేసుకున్నా. మనిద్దరికీ ఈ గది దాటడం రాలేదు. నిద్ర రాకపోతే ఆ గంప ఇటు జరుపు. మెత్తబడినవి ఏరిపెడితే పొద్దున్నే పిల్లలకి పంపొచ్చు."

గంప జరిపాను. గోడ గడియారం రెండు కొట్టేదాకా ఇద్దరం కూర్చుని ఏరాం.