ఒప్పుదలకు కొలబద్ద

గనికి ప్రభుత్వమిచ్చే లైసెన్సు చాలదనీ, ఆ నేలను నమ్ముకున్న ప్రజల ఒప్పుదల కూడా కావాలనీ 1997లో కెనడా గనుల సంస్థ ప్లేసర్ డోమ్ అధికారి జిమ్ కూనీ చెప్పిన నాటి నుంచి ఆ ఒప్పుదలకు ‘సామాజిక అనుమతి’ అనే పేరు స్థిరపడింది. దాన్ని కొలవవచ్చునన్నది పూర్వపక్షి వాదం. ఇయాన్ థామ్సన్, రాబర్ట్ బూటిలియర్ చూపిన నమూనాలో నిరాకరణ, సహించి ఊరుకోవడం, ఆమోదం, ప్రాజెక్టును తమదిగా భావించడం అనే నాలుగు మెట్లున్నాయి. ప్రశ్నావళికి వచ్చిన జవాబులను అయిదు అంచెల్లో గుర్తించి సగటు కడితే ఊరు ఏ మెట్టు మీదుందో తేలుతుందని పూర్వపక్షి నమ్మకం.

సిద్ధాంతి ఆ సగటునే ప్రశ్నించాడు. ఊటచెలమ ఎండిపోతుందని భయపడే కుటుంబం ఒకటి వేసి, ఖనిజం మోసే లారీల యజమాని అయిదు వేస్తే వచ్చే మూడు ఆ ఇద్దరిలో ఎవరి మాటా కాదు.

వర్గాల వారీగా లెక్కిస్తే ఆ దోషం తొలగుతుందని పూర్వపక్షి అన్నాడు. అప్పుడు కూడా, ఆలోచించి ఒప్పుకున్నవాడూ కాదనే దారి లేక ఊరుకున్నవాడూ ఒకే గడిలో పడతారని సిద్ధాంతి బదులిచ్చి, ఒడిశాలోని నియమగిరిని ఉదాహరించాడు. గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, డోంగ్రియా కోందులు తదితరులు నివసించే 12 గ్రామాల సభలు బాక్సైట్ తవ్వకాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. వద్దంటే ఆగే అవకాశం ఉన్నందువల్లనే అక్కడి మాటకు విలువ కలిగింది. వందకు పైగా ఉన్న కొండ గ్రామాల్లో ఆ పన్నెండింటినే ఒడిశా ప్రభుత్వం ఎంచిందన్న పూర్వపక్షి ఆక్షేపణను సిద్ధాంతి కాదనలేదు. అది నిజంగానే పెద్ద లోపం.

తవ్వకం సరే, బోరు రంధ్రాలతో సరిపోయే అన్వేషణకు ఇంత విచారణ ఎందుకని పూర్వపక్షి అడిగాడు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనను చెంచులు వ్యతిరేకించినది రంధ్రాలకు మాత్రమే జడిసి కాదనీ, ఖనిజం దొరికితే తర్వాత అడవి మిగలదన్న భయంతోననీ సిద్ధాంతి వివరించాడు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. కనుక తొలి బోరుకు ముందే, మిగతా ప్రశ్నలన్నింటికంటే ముందుగా, వద్దంటే ఈ పని ఆగుతుందని నమ్ముతున్నారా అని అడగాలి. నమ్మడం లేదన్నవారి జవాబులను ఒప్పుదలగా లెక్కించకూడదు.

అలాగైతే చాలా చోట్ల లెక్కకు మిగిలేది కొద్దిమందేనని పూర్వపక్షి అన్నాడు. నివేదిక మొదటి పుటలో ఆ సంఖ్యనే వేయాలని సిద్ధాంతి కోరాడు.