ఎరుపు ఖరీదు

మిర్యాలగూడ, కోదాడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లల్లో కలుపు తీసి గట్టు మీద పారేసే మొక్కల్లో రొటాలా, అమ్మానియా జాతులవీ ఉంటాయి. వాటి చుట్టాలనే అక్వేరియం పిచ్చి ఉన్న నాలాంటివాళ్లం డబ్బిచ్చి కొని, ఒక్కో కాడా పట్టకారుతో ఇసుకలో నాటుకుంటాం. సూర్యాపేటలో పెరిగినవాణ్ణి, ఈ తేడా నాకు వింతేమీ కాదు. ఏది కలుపో ఏది అలంకారమో చూసేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. నన్ను ఇబ్బంది పెట్టేది, దాన్ని ఎర్రగా మార్చే పద్ధతి.

రొటాలా రొటుండిఫోలియాకి నైట్రేటు పుష్కలంగా అందితే పచ్చగా, ఏపుగా పెరుగుతుంది. ఎర్రబడాలంటే లైటు పెంచి నైట్రేటు తగ్గిస్తాం. ఎదుగుదల మందగిస్తుంది, వాడుకోని చక్కెరలు పోగుపడతాయి, ఆకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు చేరుతుంది. ఎక్కువైన వెలుతురు నుంచి ఆకుని కాపాడే గొడుగు లాంటిది అది. పొలంలో రైతు యూరియా చల్లేది పచ్చదనం కోసం. గాజుతొట్టిలో మనం అదే నత్రజని అందకుండా చేసి రంగు రాబడతాం. 'ఎంత బాగుందో' అని మెచ్చుకునేది ఒక రకంగా దాని ఇబ్బందినే.

మొక్కకి నరాలు లేవు, నొప్పి ఉందని నేననను. చూసే కంటికి ఏం అలవాటవుతోందన్నదే ప్రశ్న. పిల్లవాణ్ణి హాస్టల్లో వేసి 'కష్టపడితేనే పైకొస్తాడు' అంటాం. టీములో ఇద్దరి పని ఒక్కడే చేస్తుంటే 'ప్రెషర్‌లో భలే చేస్తాడు' అంటాం. కష్టం మనిషికి వన్నె తేదని కాదు. ఆ వన్నె చూసి మురిసేదొకరు, ఖరీదు కట్టేది ఇంకొకరు. ఎంత బిగించాలో నిర్ణయించేది మాత్రం మురిసేవాడే.

పైగా ఆ సూత్రం అన్ని మొక్కలకీ పనికిరాదు. ఆల్టర్నాంథెరా రైనెకీ ఉంది, మన పొన్నగంటి కూరకి దక్షిణ అమెరికా చుట్టం. మంచి లైటుంటే కడుపునిండా ఎరువు వేసినా దాని ఎరుపు పోదు. మాడిస్తేనే కింది ఆకులు రాలి కాడ బోడిగా మిగులుతుంది. ఏ మొక్క ఎంతవరకు ఓర్చుకుంటుందో కొసన ఉన్న రంగు చెప్పదు, కింది ఆకులు చెబుతాయి.

ఎర్ర మొక్కలు పెంచడం నేను మానను. కానీ పైకొచ్చిన ఒక్కణ్ణి చూపించి 'చూశారా, కష్టపెడితే ఎలా తయారయ్యాడో' అని ఎవరైనా అంటే, అదే తొట్టిలో రాలిపోయినవాళ్ల లెక్క కూడా అడుగుతాను.