ద్వారమును గడపయు

సర్వజనులను ఆహ్వానించుటయు, పూర్వోపదేశమును నిలుపుకొనుటయు ఒకదానికొకటి విరుద్ధములని తలంచువారు క్రైస్తవసంఘములలో పెక్కుమంది కలరు. ద్వారము వెడల్పైనచో ఉపదేశము సడలునని కొందఱందురు. ఉపదేశము బిగిసినచో జనులు తొలగిపోవుదురని మఱికొందఱందురు. ఉపదేశము నిలిపిన గడప యొకటి, లోకాచారము నిలిపిన గడప వేఱొకటి. ఈ రెంటిని వేఱుపఱుపకుండుటయే ఈ వివాదమునకు మూలమని మా యభిప్రాయము.

నెల్లూరుజిల్లా పడమటి మెట్టసీమయందలి ఉదయగిరి, ఆత్మకూరులు అమెరికను బాప్తిస్టు తెలుగు మిషనునకు స్థావరములుగా నుండినవి. 1840లో సామ్యూలు డే దొర నెల్లూరున నెలకొల్పిన ఆ మిషను ఉపదేశమున శిశువులకు బాప్తిస్మము లేదు. తానుగా విశ్వసించి, నోట ఒప్పుకొనినవారికే నీట ముంచి యిత్తురు. ఈ నియమము కఠినముగ దోచును. కాని యిందు కులమునకు గాని, ధనమునకు గాని, తల్లిదండ్రుల మతమునకు గాని చోటు లేదు. అడుగు ప్రశ్న యొక్కటే. అది యెల్లవారికిని సమానమే.

ఈ నియమమునకు గొప్ప పరీక్ష నాడు నెల్లూరుజిల్లాలోనిదే యైన ఒంగోలున జరిగెను. 1866లో అచటికి వచ్చిన జాన్ క్లౌ దొరతో, మాదిగలను చేర్చుకొనినచో తాము రాజాలమని అగ్రవర్ణులు చెప్పిరి. దొరయు ఆయన భార్యయు వేర్వేఱుగ బైబిలు దెఱవగా, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పఱచుకొనెనని చెప్పు భాగమే యిరువురకును కనబడెనందురు. మాదిగలు చేర్చుకొనబడిరి. పిదప 1876–78 నాటి ధాతకఱవున ఆ దొరయే బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు గొని ఆకొన్నవారికి కూలి కల్పించెను. అనేకులు బాప్తిస్మము నడుగగా, కఱవు తీఱువఱకు ఇయ్యననెను. తీఱిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మొదటిది ఔదార్యము, రెండవది కాఠిన్యము అనరాదు. రెంటను న్యాయ మొక్కటే: విశ్వాసమునకు పుట్టుక అడ్డు కారాదు, అన్నము ఎర కారాదు. కృతజ్ఞతయు లాభాపేక్షయు ఎంతయో కొంత కలిసియుండవా యని యడుగవచ్చును. ఉండవచ్చును. మనుష్యహృదయమును తూచు త్రాసు ఏ సంఘమునందును లేదు. ఎరను తొలగించుట మాత్రము సంఘము చేతిలోనిది.

నేటి చిక్కు దీనికి తలక్రిందైనది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపజేసిరి గాని క్రైస్తవులకు లేదు. ఆంధ్రదేశమున మతము మారిన దళితులు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేరుదురు. నాడు అన్నము లోనికి లాగునేమో యని భయము. నేడు బిడ్డల చదువును ఉద్యోగమును వెలుపలికి లాగుచున్నవి. మనసున విశ్వసించియు బాప్తిస్మమునకు వెనుదీయువానిని సంఘమేమి చేయవలయును? బాప్తిస్మ మక్కఱలేదనినచో ఉపదేశమే పోవును. పిఱికివాడని త్రోసినచో, చట్టము మోపిన బరువునకు మోసెడివానినే దండించినట్లగును. ప్రభుభోజనపు బల్లకు నియమ ముండనిండు. ప్రార్థనకు, రోగిపరామర్శకు, విందునకు, శ్మశానమునకు నియమమేల?

ఇంతకును కొన్ని సంఘములలో పెండ్లియందును సమాధిభూమియందును కులము నేటికిని గడపయై నిలిచియున్నది. బాప్తిస్మమును గూర్చి ఒక్క అక్షరమును విడువనివారే దీనిని చూచియు చూడనట్లుందురు. గ్రంథమున లేని గడపను పెరికివేసిన పిమ్మటనే, గ్రంథమునందున్న గడపను గూర్చి మాటలాడు అధికారము వారికి గలుగును.