సమ్మక్క అలియాస్ సుమలత

అవ్వ పోయిన మూడు నెలలకు నేనొక స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాను. సమ్మక్క, సుమలత అనే ఇద్దరూ ఒక్క మనిషేనని. అవ్వ బ్యాంకులో దాచుకున్న నాలుగు పైసలకు నామినీగా "సమ్మక్క, బిడ్డ" అని రాయించింది. నా ఆధార్ కార్డు మీద, పదో తరగతి సర్టిఫికెట్ మీద సుమలత అని ఉంది. కౌంటర్ కాడి పిల్లగాడు మంచోడే. మర్యాదగానే అడిగాడు, "ఇద్దరు ఒక్కరే అని రుజువేంది మేడం?" అని. నా దగ్గర రుజువు లేదు. అవ్వే రుజువు. ఆమె లేదు.

ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వదల్లేదు. పేరు మారితే మనిషి మారుతుందా అనేది చదువుకున్నోళ్ల చర్చ. మా వాడ ప్రశ్న వేరే. మొక్కు మీద పెట్టిన పేరును తీసేసే హక్కు ఎవరికుంటది? తీసేస్తుంటే ఊకున్నోళ్లది ఏ పాటి తప్పు?

నాకంటే ముందు అవ్వకు ముగ్గురు పుట్టి పోయారు. ఒకరు పురిట్లోనే, ఇద్దరు ఏడాది నిండకముందే. మాదిగవాడలో అప్పట్లో అది వింతేమీ కాదు. పిల్లలు దక్కనోళ్లకు మా దిక్కు రెండు దార్లుండేవి. ఒకటి, పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పండబెట్టి తెచ్చి పెంటమ్మ, పెంటయ్య అని పేరు పెట్టడం. చావుకు సుత రోత పుట్టి ముట్టకుండ పోవాలని. రెండోది మేడారం. అవ్వ రెండో దారి పట్టింది. నాయిన అప్పటికింకా బొగ్గుబాయిల చేరలేదు. మంథని దిక్కునుంచి ఎడ్లబండ్ల మీద, అడవిల వండుకుంట, రాత్రిళ్లు మంటలేసుకుంట పోయారట. జంపన్నవాగుల తానం చేసి గద్దె ముందట నిలబడి, "ఈసారి కడుపుల పడ్డది దక్కితే నీ పేరే పెడ్త తల్లీ, దాని ఎత్తు బంగారం ఇస్త" అని మొక్కిందట. మేడారంలో బంగారమంటే బెల్లం. మాలాంటోళ్లకు అందిన బంగారం అదొక్కటేనని నేను నవ్వులకు అంటుంట. నేను దక్కాను. సమ్మక్కనయ్యాను.

ఈ పేరు అన్ని చోట్లా దొరికేది కాదు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో, మా బొగ్గుబాయిల పట్టీలో ఏ వాడకు పోయినా ఒక సమ్మక్క, ఒక సారక్క, ఒక సమ్మయ్య, ఒక సారయ్య ఉంటారు. రెండేండ్లకోసారి మాఘ పున్నానికి జాతర. ఆ వెనుక పుట్టిన పిల్లల్లో ఈ పేర్లు గుంపుగా కనబడేవి. గోదావరిఖనిలో మా గల్లీల సమ్మయ్యా అని కేకేస్తే ముగ్గురు నలుగురు తిరిగి చూసేవాళ్లు. ఇంటిపేరో, ఊరిపేరో, నంబరు బాయో తగిలించి పిలుచుకునేది. అదే సముద్రం దిక్కు పోయిన కొద్దీ ఈ పేరు మాయమైతది. ఒకసారి విజయవాడలో ఒక మీటింగుకు పోయినప్పుడు నా చిన్నప్పటి పేరు చెప్తే పక్కనున్నామె, "అది పేరా అండీ, మీ అక్కగారిని అలా పిలిచేవారా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలవక.

కథ మీలో చాలామందికి ఎరుకే. పొలవాస నేలే కోయదొర మేడరాజు వేటకు పోతే, అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిబిడ్డ దొరికింది. ఆ బిడ్డే సమ్మక్క. మేడారం ఏలే పగిడిద్దరాజును చేసుకుంది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు. ప్రతాపరుద్రుని సైన్యం దిగింది. ఒక్కొక్కరే ఒరిగిపోయారు. జంపన్న దుంకిన సంపెంగవాగు జంపన్నవాగైంది. సమ్మక్క గాయాలతోటి చిలకలగుట్ట దిక్కు పోయి మాయమైంది. అక్కడ దొరికింది కుంకుమ భరిణె. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అని తేల్చేవాళ్లు తేలుస్తారు. నాకు పట్టిన ముచ్చట ఇంకోటి. ఆ పసిబిడ్డ ఎవరి బిడ్డో, ఏ కులమో ఎవ్వరూ అడగలేదు. దొరికింది, సాదుకున్నారు. అట్లాంటి బిడ్డ పేరు దేశమంతటి మీద మాకంటే ఎక్కువ ఎవరికి నప్పుతది?

బడి పుస్తకంలో కాకతీయులుండేవాళ్లు. రుద్రమదేవి పాఠం ఉండేది. ఆ పేరు పెట్టుకున్న పిల్లను సారు లేపి నిలబెట్టి, "చూడండి, రాణి పేరు" అనేవాడు. ఆడమనిషి కత్తిపట్టి రాజ్యమేలిందంటే నాకూ సంబురమే. కానీ అదే వంశానికి కప్పం కట్టనన్న ఆడమనిషికి మా పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. ఆమె పేరు నా మీదుంది. నన్ను లేపి నిలబెట్టినప్పుడు సారు అన్న మాట వేరే. "ఇదేం పేరే, ముసలిదాని పేరు లెక్క! పిలిచినప్పుడల్లా నేను నిన్ను అక్కా అనాల్నా?" తరగతి అంత నవ్వింది. నేనూ నవ్వినట్టే గుర్తు. ఆయన రిజిస్టర్ల సుమలత అని రాసుకున్నాడు. అవ్వను అడగలేదు, నాయినను అడగలేదు. ఆ సారు మంచి చేస్తున్నాననే అనుకొని ఉంటాడు, ఆ మాట ఒప్పుకుంటాను.

ఆయన మాటలో ఉన్న అసలు బాధ నాకు చాన ఏండ్లకు అర్థమైంది. ఈ పేరు లోపలనే అక్క ఉంది. ఎవరు పిలిచినా, ఎంత చిన్నగా చూసి పిలిచినా, పూర్తిగ పలికితే అక్కా అనక తప్పదు. అందుకే మా ఊళ్లె పెద్దకులపోళ్లు ఈ పేరును ఎన్నడూ పూర్తిగ పలకలేదు. సమ్మి అనేవాళ్లు. ఎల్లమ్మ ఎల్లి అయినట్టు, పోచమ్మ పోశి అయినట్టు, మల్లయ్య మల్లిగాడు అయినట్టు. జాతర దినాన గద్దె ముందట "సమ్మక్క తల్లీ" అని పొర్లుదండాలు పెట్టి, మర్నాడు ఇంటికొచ్చి "ఏమే సమ్మీ, పేడ తీసినవా?" అంటారు. అదే నోరు, అదే పేరు. దేవతకు అక్క మిగిలింది, మనిషికి మిగల్లేదు.

ఇది ఒక ఊరి అలవాటు కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం చూడండి. బ్రాహ్మణుని పేరు మంగళంగా, క్షత్రియునిది బలంగా, వైశ్యునిది ధనంతో కూడి ఉండాలని, శూద్రుని పేరు రోత కలిగించేదిగా ఉండాలని రాసి ఉంది. శూద్రునికే అట్లుంటే ఊరవతల ఉన్నోని సంగతి చెప్పేదేముంది. ఆడవాళ్ల పేర్లు నోటికి సులువుగా, మనసుకు ఇంపుగా ఉండాలన్నాడు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో అంబేడ్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించాడు. కాగితం కాలింది గాని రిజిస్టరు కాలలేదు. సుమలత అంటే ఇంపుగానే ఉంది కద!

మనవాళ్లు పేరుతో చాన రకాలుగ కొట్లాడిన్రు. హైదరాబాదుల మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పై కులాల తోకలు రెండు ఆయన పేరుకు చేరినయి. అది లొంగుబాటా, వెక్కిరింతా అని ఇప్పటికీ విద్యార్థి మీటింగుల్లో వాదులాడుకుంటరు. కానీ ఆయనే 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై, పంచములం కాదు ఆది ఆంధ్రులం అనిపించాడు. ఒక పేరు వద్దని ఇంకో పేరు మనంతట మనం పెట్టుకోవడం వేరు. మన పేరును ఇంకొకడు కొట్టేయడం వేరు. నాకు జరిగింది రెండోది.

నాయిన ముచ్చట ఇంకో తీరు. మారుపేర్ల సంగతి బొగ్గుబాయిల పట్టీలో అందరికీ ఎరుకే. ఒకరికొచ్చిన నౌకరిలో ఇంకొకరు చేరి, ముప్పయ్యేండ్లు ఆ పేరు మీదనే మస్టరు పడినోళ్లు ఎందరో. నాయినా అంతే. బాయిల ఒక పేరు, ఇంట్ల ఒక పేరు. తట్ట ఎత్తింది నాయిన చేతులు, జీతం కాగితం మీద ఎవరో పేరు. ఆ కాగితాల లెక్కన అవ్వ ఎవరి పెండ్లాం? నేను ఎవరి బిడ్డను? నాయిన నవ్వేవాడు. "పేరుదేముందే, బువ్వ వస్తుంది గద" అనేవాడు. కానీ సచ్చేముందు దవఖానల, "నా అసలు పేరు రాయించుండ్రి" అని రెండుసార్లు అన్నాడు.

ఇక నా తప్పు. దాన్ని సారు మీదికి నెట్టలేను. ఇంటర్ల హాస్టల్ల ఉన్న. సుమలత అనే పేరుతో నాకు చాన పనులు సులువైనయి. ఆ పేరు విని ఎవ్వరూ కులం ఊహించలేదు. కిరాయి ఇండ్లు దొరికినయి, స్నేహాలు దొరికినయి. ఒకనాడు అవ్వ వచ్చింది, సంచిల సకినాలు పట్టుకొని. గేటు కాడ "మా సమ్మక్కను పిలువుండ్రి" అన్నది. ఆ పేరు మీద ఎవ్వరూ లేరన్నరు. అవ్వకు నా బడి పేరు నోరు తిరగలేదు, యాదికి రాలేదు. నేను పైన కిటికీల నుంచి విన్న. పక్కన స్నేహితురాండ్లున్నరు. దిగిపోతే ఆ పేరు నాదేనని తెలుస్తది. వాళ్లు స్నానాలకు పోయేదాక ఆగిన. గంట కావచ్చు, ఎక్కువే కావచ్చు. దిగిపోయేసరికి అవ్వ చెట్టు కింద కూసోని ఉంది. ఏమీ అనలేదు. నా ముఖం చూసి సంచి ఇచ్చింది. ఆనాటి నుంచి ఆమె నన్ను సమ్మక్కా అని పిలవలేదు. సుమలతా అనీ అనలేదు. బిడ్డా, అంతే.

ఇప్పుడు ఈ పేరుకు గౌరవమొచ్చింది. 1996లో జాతర రాష్ట్ర పండుగైంది. గోదావరి మీద తుపాకులగూడెం బరాజుకు సమ్మక్క పేరు పెట్టిన్రు. ములుగుకు సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన యూనివర్సిటీ కావాలని 2023 డిసెంబర్ల పార్లమెంటు చట్టం చేసింది. బోర్డు మీద ఎక్కిందనే ధైర్యంతోనే నేను ఇయ్యాల ఈ పేరు చెప్పుకుంటున్ననా అని నా మీద నాకే అనుమానం. ఇంకో అనుమానం సుత ఉంది. ఆమె కోయల తల్లి. ఇప్పటికీ చిలకలగుట్ట మీదికెళ్లి ఆమెను తెచ్చేది కోయ పూజారులే. మేము వాళ్ల తల్లి పేరును అడిగి తెచ్చుకున్నమా? మా పేరును ఒకడు కొట్టేసిండని బాధపడే నేను, ఇంకొకరి పేరు నాదేనని కొట్లాడొచ్చా? ఈ మాట ఒకసారి అవ్వనే అడిగిన. "ఇచ్చింది ఆమె. నేను గుంజుకోలె. గద్దె కాడ ఎవ్వరన్న నన్ను అవతలికి పొమ్మన్నరా?" అన్నది. నాకైతే అంతకంటె మంచి జవాబు ఇప్పటికీ దొరకలేదు. ఊరి గుడిలోకి రానియ్యని కాలంలో మేడారం గద్దె ఆమెను పొమ్మనలేదు.

అవ్వ దినాల నాడు పక్కింటి అత్త ఒక ముచ్చట చెప్పింది. మేడారం పోయే ఓపిక లేనప్పుడు ఇక్కడ గోదావరి ఒడ్డున గద్దెల కాడికే పోయేదట. ప్రతి జాతరకు రెండు తీర్ల బెల్లం ఇచ్చేదట. ఒకటి అందరి లెక్క మొక్కు. ఇంకొకటి వేరే మూట కట్టి, "ఇది తప్పు కింద తల్లీ, నా బిడ్డ నీ పేరు వదిలింది, దాన్నేమనకు" అని.

మొన్న మా కోడలికి ఆడపిల్ల పుట్టింది. కొడుకు, "నీ పేరే పెడదాం అమ్మా, అమ్మమ్మ సంతోషపడ్తది" అన్నాడు. కోడలు ఏమనలేదు గాని, దాని ముఖం చూసిన. రేపు బడిల ఎవడేమంటడో అనే భయం. ఆ భయం నాకు తెల్సు. నా అప్పు తీర్చుకోవడానికి ఆ పిల్ల నెత్తిన ఈ పేరు పెట్టొచ్చా అని రెండు రాత్రులు నిద్రపోలె. ఆ అప్పు నాది, పిల్లది కాదు. "మీ ఇద్దరికి నచ్చిన పేరు పెట్టుకోండ్రి" అన్న. స్టాంపు కాగితం తీసుకొని నా పేరు మార్పిడికి దరఖాస్తు ఎట్ల పెట్టాల్నో కనుక్కొచ్చిన. గెజిట్‌ల వేయించాలట, పేపర్ల ప్రకటన ఇయ్యాలట. ఈ వయసుల ఎందుకు మేడం అన్నడు ఆ పిల్లగాడు. ఫారం మీద పాత పేరు అని ఉన్న కాడ సుమలత అని రాసి, కొత్త పేరు అని ఉన్న కాడ పెన్ను ఆపి కాసేపు కూసున్న. అది కొత్త పేరు కాదు అని వానికి చెప్పాల్నా వద్దా అని.