మీదే ఊరు?

పుస్తకాలను మిరపకాయల గోనె టిక్కీల్లో కట్టకూడదని తెలియక కాదు. అట్టపెట్టెలు చాలలేదు. పక్కింటివాళ్ళ పాకలో నిరుటి ఖాళీ టిక్కీలు దండెం మీద వేలాడుతుంటే నాలుగు అడిగి తెచ్చుకుని దులిపి నింపాను. సామాను ఎత్తడానికి వచ్చిన కుర్రాడు ఒకదాన్ని భుజానికెత్తుకుని సగం దూరం పోయి దించేశాడు.

"ఇందులో ఏముంది మాస్టారూ?"

"కాయితాలేనయ్యా."

"మిరగాయలైనా ఇంత బరువుండవండీ. ఏం కాయితాలండీ బాబూ!"

మియాపూర్‌లో మా అమ్మాయి ఫ్లాట్ మూడో అంతస్తు. టిక్కీ మూతి కుట్టు విప్పేసరికి ఇల్లంతా తుమ్ములు. అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బాల్కనీ తలుపు తీసింది. పక్క ఫ్లాట్ ఆవిడ పొయ్యి మీద ఏదో మాడుతోందనుకుని వచ్చి బెల్లు కొట్టింది. గోనె నారలో ఇరుక్కున్న గింజలు నాలుగైదు, ఒక ఎండు తొడిమ తెల్లటి టైల్స్ మీద రాలాయి. వాటిని చీపురుతో తోసెయ్యబుద్ధి కాలేదు. అలాగని ఏరి దాచుకోబుద్ధీ కాలేదు. దాచుకుంటే నేనే రాసిన ఏదో కథలో ముసలాడిలా ఉంటాను.

సాయంత్రం కింద వాచ్‌మన్ అడిగాడు. "మీదే ఊరు సార్?"

దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. నేను పుట్టేనాటికి మాది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, రెండేళ్ళకు ప్రకాశం అయింది. బడిపంతులుగా నా ఉద్యోగమంతా ఆ ప్రకాశంలోనే గడిచింది. 2022లో మళ్ళీ గీతలు మార్చి మమ్మల్ని బాపట్లలో కలిపారు. ఊరు అంగుళం కదల్లేదు. నల్లరేగడి అదే, మిరపతోట అదే, పత్తిచేను అదే. "మార్టూరు దగ్గర" అన్నాను. అతనికి తెలియలేదు. "గుంటూరు మిర్చి అంటారే, అటువైపు" అన్నాను. "ఓ, గుంటూరా!" అన్నాడు తృప్తిగా. ఊరు వదిలి వచ్చిన మొదటిరోజే నేను మళ్ళీ గుంటూరు జిల్లావాణ్ణయ్యాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా నేను రాసిన కథలన్నీ ఆ నేల మీదే నడిచాయి. పురుగు తిన్న పత్తికాయ, కాటా దగ్గర తరుగు తీసే చెయ్యి, కౌలు కట్టలేక పొద్దు వాలాక ఇంటికొచ్చే మనిషి. ఇవి తప్ప నాకు వేరే తెలియవు. బయల్దేరేముందు ఒక మిత్రుడు, తానూ రాసేవాడే, చెయ్యి పట్టుకుని "ఊరు దాటితే కథ ఎండిపోద్ది, జాగ్రత్త" అన్నాడు. అది ప్రేమతో అన్న మాట. కానీ నిజమేనా? కథకుడు మొక్కా, ఒక చోట పీకి ఇంకోచోట నాటితే వాడిపోవడానికి? మా మిరప నారును మడిలో పీకి పొలంలో నాటాకే కదా కాసేది. (పోలిక కుదిరింది గానీ, పోలిక కుదిరినంత మాత్రాన మాట నిజమైపోదు. నాది అరవై దాటిన నారు.)

అప్పుడు గుర్తొచ్చాడు నటరాజన్.

1924లో పుట్టిన తమిళ కుర్రాడు. 1937లో, పన్నెండు పదమూడేళ్ళ వయసులో తెనాలి చేరాడు. తెలుగు అక్షరం రాదు. హోటల్లో పనికి కుదిరాడు. బల్లలు తుడిచాడు, కాఫీలు అందించాడు. ఆ బల్లల దగ్గరే తెలుగు విన్నాడు. తర్వాత చదవడం, ఆపైన రాయడం నేర్చుకున్నాడు. 'శారద' అన్న పేరుతో కథలు రాశాడు. 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' నవలలు రాశాడు. 1955లో పోయాడు. ముప్పై ఒక్కేళ్ళు. మూర్ఛరోగం, దరిద్రం రెండూ కలిసి తినేశాయి. తనలాగే హోటళ్ళలో పనిచేసి రచయిత అయిన ఆలూరి భుజంగరావు అతని గురించి 'సాహిత్య బాటసారి శారద' అని పుస్తకం రాశాడు. ఆ పుస్తకం లేకపోతే ఈ మనిషి మనకు ఎంత మిగిలేవాడో!

ఆనాటి తెనాలి మామూలు ఊరు కాదు. అభ్యుదయ రచయితల మొదటి మహాసభ 1943లో అక్కడే జరిగింది. అప్పటికి నటరాజన్‌కు పద్దెనిమిది పందొమ్మిదేళ్ళు. ఊళ్ళో కవులున్నారు, నాటకాలున్నాయి, వాదాలున్నాయి. ఆ వాదాల్లో సగం హోటల్ బల్లల దగ్గరే తెగేవి గదా. అక్కడ కప్పులు పెట్టేవాడిని ఎవరు చూస్తారు? మీరు హోటల్లో కూర్చుని అప్పుల గురించో, కూతురి సంబంధం గురించో, భార్య మీద కోపం గురించో మాట్లాడుకునేటప్పుడు సర్వర్ వస్తే మాట ఆపుతారా? ఆపరు. వాడు మనిషి కాదు, ఒక చెయ్యి. ఇడ్లీ పెట్టి వెళ్ళే చెయ్యి. ఎవరూ లెక్కలోకి తీసుకోని చోట నిలబడ్డవాడు ఎంత వింటాడో, మాటల వెనక ఏం దాచుకుంటున్నామో ఎంత పట్టేస్తాడో నాకిప్పుడు తెలుస్తోంది. మా ఊళ్ళో నేను మాస్టారిని. నేనొస్తే అరుగు మీద మాట మారిపోయేది. బీడీలు దాచేవాళ్ళు. నాకు తెలిసిన ఊరు నాకు చూపించడానికి సర్దిన ఊరేనేమో! ఇంత ఆలస్యంగా ఈ అనుమానం రావడం బాగోలేదు, కానీ వచ్చింది.

పోలిష్ ఇంట పుట్టిన జోసెఫ్ కాన్రాడ్ ఇరవై దాటాక ఓడల మీద ఇంగ్లీషు నేర్చుకుని ఆ భాషకే పెద్ద నవలాకారుడయ్యాడని చెబుతారు. ఆయన పోయింది 1924లో, నటరాజన్ పుట్టిన ఏడే. కాకతాళీయం, దాన్నుంచి ఏదీ పిండక్కర్లేదు. తేడా మాత్రం చూడాలి. కాన్రాడ్ నేర్చింది ప్రపంచాన్ని ఏలుతున్న భాష. నటరాజన్ నేర్చింది తాను తుడుస్తున్న బల్లల భాష. దాంతో ఉద్యోగం వస్తుందని కాదు, పరువు వస్తుందనీ కాదు. మరి ఎందుకు? ఎదుటి మనిషికి నొప్పి ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఆ మనిషి భాషలోనే తెలుసుకోవాలి గనకనా? నాకు ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు.

సరిగ్గా ఎదురు దిశలో ఇంకొకాయన వెళ్ళాడు. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టాడు. ఎన్నో ఊళ్ళు తిరిగి చివరికి మద్రాసు చేరి, 1952 నుంచి 1980లో పోయేదాకా అక్కడ 'చందమామ'లో పనిచేశాడు. కానీ ఆయన 'చదువు' నవల చదవండి. ఇళ్ళూ, మనుషులూ, పిల్లవాడి చదువూ అన్నీ మన వైపువే. మద్రాసులో కూర్చుని తెలుగు మధ్యతరగతి ఇంటి వంటగదిలో ఏ డబ్బా ఎక్కడుందో చెప్పగలిగాడు. చెన్నపట్నం నుంచి వచ్చే రైలు తెనాలి జంక్షన్‌లో ఆగుతుంది. అక్కడికి వెళ్ళే రైలూ ఆగుతుంది. ఒక ప్లాట్‌ఫారం మీద తమిళ కుర్రాడు తెలుగు రచయిత కావడానికి దిగాడు. ఇంకో ప్లాట్‌ఫారం మీద తెలుగు రచయిత తమిళ నగరానికి ఎక్కాడు. ఊరు ఎవరిది? పుట్టి వెళ్ళిపోయినవాడిదా, వచ్చి ఉండిపోయినవాడిదా?

ఇక్కడ నా పక్షం చెప్పెయ్యాలి. ఊరు రాసుకునేవాడి ఆస్తి అని ఇన్నాళ్ళూ నమ్మాను. "నా నేల, నా మనుషులు" అని సభల్లో అన్నాను కూడా. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. నేల ఎవరికో పట్టా ఉంది, నాకు లేదు. మనుషులకైతే ఎవరికీ పట్టా లేదు. రాసేవాడికి మిగిలింది అప్పు. తెనాలి నటరాజన్‌కు భాష ఇచ్చింది, అన్నం పెట్టలేకపోయింది. అతను ఆ అప్పును కథలతో, నవలలతో తీర్చాడు. ఊరు తన అప్పు తీర్చలేదు. ఆకలే రచయితను చేస్తుందని సభల్లో అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకలి శారదను చెయ్యలేదు. ఆకలి శారదను ముప్పై ఒక్కేళ్ళకు ఆపింది.

వలస మాకు కొత్త కాదు. మా తాతల తరంలో ఊళ్ళో కాస్త భూమి అమ్మి నిజాంసాగర్ కిందా, రాయచూరు వైపు తుంగభద్ర కిందా ఎక్కువ భూమి కొనుక్కుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ అక్కడ క్యాంపులంటారు. పోయినవాళ్ళ సంగతి మాకు బాగా గుర్తు. వచ్చేవాళ్ళ సంగతే గుర్తుండదు.

వాళ్ళు ఏటా వస్తారు. చలి ముదిరి మిరప పండు దిగేసరికి కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. వాన కురవని నేల నుంచి కాలవ పారే నేలకు. చేల పక్కన పరదా పట్టాలతో గుడారాలు వేస్తారు. పెద్దవాళ్ళు కోతకు పోతే పిల్లలు చంటివాళ్ళను ఎత్తుకుని కల్లాల చుట్టూ తిరుగుతుంటారు. వాళ్ళ ఊళ్ళో బడి తెరిచే ఉంటుంది, వీళ్ళు మాత్రం ఇక్కడుంటారు. పిల్లలు అక్కడే ఉండి చదువుకోడానికి సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. అయినా తల్లి వెంట వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

కిందటి ఏడు జనవరిలో ఒక సాయంత్రం మా బంధువుల కల్లం దగ్గర ఫోన్లో మా అమ్మాయితో మాట్లాడుతున్నాను. హైదరాబాదు వచ్చెయ్యమని తను, ఇప్పుడే ఏం తొందరని నేను. ఎర్రటి కాయ పరిచిన పట్టా పక్కన పదేళ్ళ పిల్ల చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను చూసీ చూడనట్టు "అట్టాగేలేమ్మా, చూద్దాంలే, అట్టాగే" అంటూ నడుస్తున్నాను. మర్నాడు అటు పోతుంటే గుడారాల దగ్గర నవ్వులు వినిపించాయి. ఆ పిల్ల ఒక పుల్లను చెవికి ఆనించుకుని, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ (నాకు ఎడమ మోకాలు నొప్పి), "అట్టాగేలేమ్మా… సూద్దాంలే… అట్టాగే" అంటూ అచ్చం నాలా నడుస్తోంది. 'అట్ల' అనే పిల్ల 'అట్టా' అంటోంది. అంతేకాదు, నేను మధ్యలో ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నానో అక్కడే ఆగింది. కూతురికి అబద్ధం చెబుతున్న ముసలాడి ఆగడం అది. వాళ్ళమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. నన్ను చూడగానే అందరూ గప్‌చుప్.

నేనూ నవ్వి వచ్చేశాను. అంతే చేశాను.

ముప్పై ఏళ్ళు కూలివాళ్ళ మీద కథలు రాసినవాణ్ణి, ఆ పిల్ల పేరు అడగలేదు. ఆ గుడారంలో నేనొక పాత్రను, రాసేది తను. నా కథల్లో కల్లం మీద కూలిపిల్లలు ఎన్నిసార్లు వచ్చారో వెతికి చూసుకున్నాను. వచ్చారు, జాలిగా వచ్చారు. చీమిడి ముక్కులతో, చింపిరి జుట్టుతో. ఒక్కరూ నన్ను చూసి నవ్వలేదు. వాళ్ళకు కళ్ళున్నాయని నాకు తట్టలేదు. జాలిపడటానికి ఎదుటివాడు మన కన్నా తక్కువ తెలిసినవాడు కావాలా? తెనాలి హోటల్లో కాఫీ తాగిన పెద్దమనుషులు కూడా ఆ కుర్రాడి మీద అప్పుడప్పుడు జాలిపడే ఉంటారు.

అందుకని ఊరు దాటితే కథ ఎండిపోతుందన్న మిత్రుడికి నేనేమీ సమాధానం రాయలేదు. ఇక్కడ వాచ్‌మన్‌ది నారాయణపేట దగ్గర పల్లె. అతని భాషలో సగం నాకు మొదటిసారి వినగానే అందదు. రెండోసారి అడిగితే విసుక్కోడు. లిఫ్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ ఇంకోటుంది. సాయంత్రాలు అక్కడ కూర్చుంటున్నాను. ఇక్కడ నేను మాస్టారిని కాను, మూడో అంతస్తు వాళ్ళ నాన్నని. నా ముందు ఎవరూ మాట ఆపడం లేదు. ఇది కథగా తేలుతుందో లేదో నాకు తెలియదు, తేలకపోయినా విన్నది వృథా అనుకోను.

బయల్దేరేముందు ఒక పని చేశాను. నాలుగు టిక్కీల్లో ఒకదాన్ని లారీ ఎక్కించలేదు. అందులో ఉన్నవన్నీ పాత చందమామలు. మా ఊరి బళ్ళో ఇప్పుడు పనిచేస్తున్న టీచరమ్మకు అప్పగించి వచ్చాను. "కోతలవాళ్ళ పిల్లలొస్తే ఇవ్వమ్మా. చింపినా, తిరిగివ్వకపోయినా ఏమీ అనొద్దు. ఎవరైనా ఎడమ కాలు ఈడుస్తూ నడిచి చూపిస్తే మాత్రం, ఆ పిల్ల పేరు కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. ఆవిడ వింతగా చూసి, సరేనంది.

మీ ఊళ్ళో కూడా ఈ జనవరికి కోతలవాళ్ళు దిగుతారు.